మీ నాయనతో చెప్తాలే

మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడుకునేవారు కాదు. పోట్లాటలు ఉండి కాదు, పలకరింపులు లేక కూడా కాదు. అన్నం తిన్నావా, స్నానం చేశావా, పుస్తకాల సంచి సర్దుకున్నావా వంటి మాటలు ఇంటినిండా ఉండేవి. కానీ అసలు విషయం అంటూ ఒకటి వచ్చిందంటే, అది డబ్బు గురించైనా, చదువు గురించైనా, ఎవరి మీదైనా కోపం గురించైనా, తప్పనిసరిగా అమ్మ ద్వారానే వెళ్లాలి. నాకు చెప్పులు తెగిపోతే అమ్మకు చెప్పేవాణ్ణి, అమ్మ నాయనకు చెప్పేది, నాయన తన జవాబు అమ్మకు చెప్పేవాడు, అమ్మ నాకు చెప్పేది. ముగ్గురమూ ఒకే వరండాలో, ఒకే లైటు కింద కూర్చుని ఉన్నప్పుడు కూడా ఈ పద్ధతి మారేది కాదు. "ఆ రేడియో కాస్త తగ్గించమని చెప్పు వాడికి" అని నాయన అంటే, నేను ఆ మాట విననట్టే కూర్చుని, అమ్మ "రేయ్, రేడియో తగ్గించు" అన్న తరువాతే లేచేవాణ్ణి. అమ్మ మా ఇంటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజి. ఆమె కలిపితేనే లైను కలిసేది.

1980లలో, 90లలో పెరిగిన చాలామందికి ఇందులో విచిత్రమేమీ కనిపించదనుకుంటాను. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇంతే. అయితే మా ఇంట్లో ఈ ఏర్పాటు మరీ గట్టిపడడానికి నాయన ఉద్యోగం కూడా ఒక కారణం. ఆయన మార్కాపురం డిపోలో ఆర్టీసీ కండక్టరు. ఒక వారం తెల్లవారుజామున మొదటి బస్సుకు వెళ్లి మధ్యాహ్నానికి దిగేవాడు, ఇంకో వారం మధ్యాహ్నం ఎక్కి అర్ధరాత్రికి వచ్చేవాడు, మధ్యలో నైటౌట్లు ఉండేవి. నైటౌట్ అంటే చివరి ట్రిప్పుగా ఏదో పల్లెకు వెళ్లి, రాత్రికి డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, పొద్దున్నే ఆ ఊరి జనాన్ని ఎక్కించుకుని పట్నం చేరడం. ఆయన రూట్లు ఎక్కువగా యర్రగొండపాలెం, దోర్నాల వైపు, నల్లమల అంచున ఉండే పల్లెల మీదుగా ఉండేవి. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవి దారిని రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు కాబట్టి, బస్సు ఎక్కడైనా మొరాయించిందంటే ఆయన ఏ వేళకు ఇంటికొస్తాడో చెప్పగలిగేవాళ్లు ఉండేవారు కాదు. పైగా రోజంతా "ముందుకు జరగండి, చిల్లరియ్యండి, ఎక్కడ దిగాలమ్మా" అని గొంతు పోయేలా అరిచిన మనిషి, ఇంటికి వచ్చాక గొంతు తెరవాలంటే విసుక్కునేవాడు. ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తోలుసంచి గూట్లో పెట్టి, పడక కుర్చీలో వాలితే ఇక ఆయన దగ్గరకు వెళ్లవలసినది అమ్మ ఒక్కతే.

ఆయన లేని వేళల కోసం వంటింటి తలుపు పక్కన ఒక పలక ఉండేది. మార్కాపురం పలకల ఊరు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న రాతి పలకల్లో చాలావరకు మా ఊరి చుట్టుపక్కల గనుల నుంచి తీసి, కోసి, చెక్క బిగించి పంపినవే. మా వీధిలో సగం మందికి అదే బతుకు కాబట్టి, మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో కనిపించేవి. మా పలకకు కుడివైపు కింది మూల లేదు. నాయన తెల్లవారుజామున మేము లేవకముందే బలపంతో దాని మీద రాసి వెళ్లేవాడు. ఆ రాత కండక్టర్లు బస్సు ఆపించి టికెట్ల లెక్క రాసుకునే ఎస్సార్ కాగితం లాగానే ఉండేది: ఎడమవైపు విషయం, కుడివైపు అంకె, కింద రెండు గీతలు. "కిరసనాయిలు, శనివారం." "చిన్నోడి ఫీజు, బీరువాలో, 45." "నైటౌట్. రేపు పది బస్సు." ఇంతకు మించి ఒక్క మాట కూడా ఉండేది కాదు. సంబోధన ఉండదు, సంతకం ఉండదు.

మాకందరికీ చదువు వచ్చు, పలక మా కళ్ల ముందే ఉంది. అయినా అమ్మ ఆ రాతను మాకు చదివి వినిపించేది, చదివేటప్పుడు కొంత చేర్చేది. "చిన్నోడి ఫీజు, బీరువాలో, 45" అని ఉన్నదాన్ని, "మీ నాయన రాత్రి ఎప్పుడో వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా కూర్చుని, నీ ఫీజు లెక్కపెట్టి బీరువాలో పెట్టి పోయినాడు, పారేసుకోకుండా తీసుకుపో" అని చెప్పేది. అందులో పలక మీద ఉన్నది ఎంత, అమ్మ నోటిలోంచి వచ్చింది ఎంత అని అప్పట్లో నేను లెక్క చూసుకోలేదు. అక్క మాత్రం చూసేది. "అంత రాసినాడా నాయన? పలక మీద అంత చోటు ఏడుందమ్మా?" అని ఒకసారి అడిగి, అట్లకాడతో ఒకటి వేయించుకుంది కూడా.

పదో తరగతి అయిపోయిన వేసవిలో, అంటే 1994లో, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న విషయం వచ్చింది. అప్పటికి మా వైపు కొంచెం మార్కులు వచ్చిన మగపిల్లాడంటే ఎంపీసీలో చేరి ఎంసెట్ రాయవలసిందేనన్న మాట స్థిరపడిపోయింది. నాకు లెక్కలంటే వణుకు. త్రికోణమితి పేజీ తిప్పితే చేతులు చల్లబడేవి. ఆ సంగతి ఒకరోజు మధ్యాహ్నం, అమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. "నాకు ఎంపీసీ వద్దు. నన్ను చంపినా ఆ లెక్కలు నావల్ల కాదు. నాయనతో చెప్పు." అన్న మాటలు ఇవే. అమ్మ ఒలిచిన గింజలు చేటలోకి వేసుకుంటూ, "మీ నాయనతో చెప్తాలే" అంది.

రెండు రోజుల తరువాత ఆమె చెప్పిన జవాబు కూడా నాకు గుర్తుంది. "మీ నాయన సరేనన్నాడు. కామర్సు తీసుకోమన్నాడు. నువ్వు బ్యాంకులో ఆఫీసరు అయితే చూడాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరికంట, ఇన్నాళ్లూ బయటపెట్టలేదు." నేను సీఈసీలో చేరాను. ఒక మనిషి పైకి చెప్పకుండా అన్నేళ్లు దాచుకున్న కోరిక అంటే పదహారేళ్లవాడి మీద ఎంత బరువు పడుతుందో చెప్పనక్కర్లేదు. లెక్కల నుంచి తప్పించుకున్నందుకు బదులుగా ఆ కోరిక తీర్చడం నా బాధ్యత అనుకున్నాను. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు ఒకదాని వెంట ఒకటి రాశాను, చివరికి ఒకదాంట్లో నెగ్గాను. ఇప్పటికీ ఆ ఉద్యోగమే చేస్తున్నాను.

డిగ్రీ గుంటూరులో. నెలకోసారి హాస్టలుకు నాయన నుంచి మనియార్డరు వచ్చేది. ఇప్పటి పిల్లలకు మనియార్డరు అంటే ఏమిటో తెలియదు, ఆ పాత కాగితపు పద్ధతిని తపాలాశాఖ 2015లో ఆపేసింది. ఫారం అడుగున డబ్బు పంపేవారు నాలుగు మాటలు రాసుకోవడానికి కాస్త చోటు ఉండేది, పోస్టుమాన్ డబ్బుతోపాటు ఆ ముక్కను చించి మన చేతికిచ్చేవాడు. మా గదిలో మిగతా పిల్లలకు వచ్చే ముక్కల మీద "బాగా చదువుకో నాయనా, ఆరోగ్యం జాగ్రత్త" వంటివి ఇరికించి ఇరికించి రాసి ఉండేవి. నా ముక్క మీద ఎప్పుడూ ఒకటే పద్ధతి: మెస్సు ఇంత, ఫీజు ఇంత, సొంత ఖర్చు ఇంత, కింద మొత్తం, మొత్తం కింద రెండు గీతలు. "మీ నాన్న ఉత్తరం రాశాడా, బిల్లు పంపాడా?" అని మా గదిలోని వాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ సొంత ఖర్చు అన్న అంకె మాత్రం నేను ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పకపోయినా పరీక్షల నెలలో పెరిగేది, దసరా నెలలో ఇంకొంచెం పెరిగేది.

మాట్లాడవలసినవి ఎస్టీడీ బూత్ నుంచి. మాకు ఫోను లేదు, వీధి చివర కిరాణా కొట్టు నంబరే మా పీపీ నంబరు. రాత్రి చార్జీలు తగ్గేదాకా ఆగాలి, మరీ ఆలస్యమైతే కొట్టు మూసేస్తారు, ఆ రెండింటి మధ్య దొరికే కాస్త సమయంలో, అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే మాట్లాడాలి. అమ్మను పిలిపిస్తే ఒక్కోసారి నాయన వచ్చేవాడు. "డబ్బులందినాయా?" "అందినాయి." "సరే. మీ అమ్మ వస్తా ఉంది, ఉండు." అమ్మ కొట్టు దాకా నడిచి వచ్చేలోపు ఇద్దరమూ రిసీవర్లు పట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరం వింటూ, డబ్బులు కట్టుకుంటూ నిలబడేవాళ్లం.

రెండో సంవత్సరంలో నాకు కామెర్లు వచ్చాయి. కబురందిన మర్నాడు పొద్దున్నే నాయన, డ్యూటీ దిగిన ఖాకీ బట్టల్లోనే, హాస్టలుకు వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. బత్తాయిలు ఒలిచి, తొనల మీది తెల్లటి నారంతా తీసి, ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. మాట్లాడింది వార్డెనుతోనే తప్ప నాతో కాదు. తరువాత అమ్మ చెప్పింది, తిరిగి వచ్చేటప్పుడు గుంటూరు బస్టాండులో కూర్చుని ఏడ్చాడని.

సెల్‌ఫోన్లు వచ్చాక ఇవన్నీ తేలికవుతాయని అందరూ అనుకున్నారు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక నాయన కూడా టార్చి లైటున్న నోకియా 1100 కొన్నాడు. నైటౌట్లలో టార్చి కోసం దాన్ని వాడినంతగా మాట్లాడడానికి వాడలేదు, అడవి అంచు పల్లెల్లో ఎటూ సిగ్నల్ ఉండేది కాదు. నాకు పెళ్లయింది, ఒంగోలులో కాపురం పెట్టాను, పిల్లవాడు పుట్టాడు, నాయన రిటైరయ్యాడు, అక్క వాళ్లు అమెరికా వెళ్లి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడ్డారు. ఎవరి జేబులో వాళ్లకు ఫోను ఉన్నా, నేను ఫోను చేసేది అమ్మకే, నాయన ఏమన్నాడో తెలిసేది అమ్మ ద్వారానే.

2017 వేసవిలో అక్కకు రెండో కాన్పు. పురుడు పోయడానికి అమ్మ ఒక్కతే వెళ్లవలసి వచ్చింది. నాయనకు అంత దూరం విమానంలో కూర్చునే ఓపిక లేదన్నాడు, నిజానికి వీసా ఇంటర్వ్యూలో తెలియనివాళ్లతో మాట్లాడవలసి వస్తుందని వెనకాడాడని నా అనుమానం. విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చే ఆరు నెలలూ అమ్మ అక్కడే ఉండాలని నిశ్చయమైంది. మార్కాపురం ఇంటికి తాళం వేసి నాయన ఒంగోలులో మా దగ్గరకు వచ్చాడు. అట్లా నేనూ ఆయనా, మధ్యలో అమ్మ లేకుండా, జీవితంలో మొదటిసారి ఒక ఇంట్లో మిగిలాం.

మొదటి వారాల్లో ఆయన సహజంగానే మా ఆవిడను అమ్మ స్థానంలో పెట్టాలని చూశాడు. "అమ్మాయ్, వాడు బ్యాంకు నుంచి వచ్చేటప్పుడు నా బీపీ మాత్రలు తెస్తాడేమో అడుగు." నేను అప్పుడు ముందు గదిలోనే ఉన్నాను. మా ఆవిడ పుట్టిల్లు కావలి. ఏడుగురు మనుషులు ఒకేసారి మాట్లాడుకుని, అందరూ అందరి మాటా వినగలిగే ఇల్లు అది. ఆమె చేతిలో పని ఆపకుండానే, "ఆయన అక్కడే ఉన్నాడుగా మామయ్యా, మీరే అడగండి" అంది. మర్నాడు నేను, "నాయన మార్కాపురం ఎప్పుడు వెళ్తాడట?" అంటే నాకూ అదే జవాబు వచ్చింది. అమర్యాదగా అనలేదు. కానీ ఇటు మాట అటు చేరవేయడం తన పనుల్లో ఒకటని ఆమెకు ఎప్పుడూ తోచలేదు, మేము ఎంత ప్రయత్నించినా తోచేటట్టు లేదు. ఆయన బీపీ మాత్రలు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాయి.

అమ్మ మాత్రం అంత తేలికగా వదలలేదు. అంతకు ముందు ఏడాది చివర్లోనే వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. మాకు పొద్దున ఆరున్నర అయ్యేసరికి అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. వంటలు ముగించుకుని అమ్మ ఫోను పట్టుకునేది. నాతో ఐదు నిమిషాలు, నాయనతో ఐదు నిమిషాలు, విడివిడిగా. టెక్సాస్ నుంచి ఒంగోలులోని రెండు గదులకు ఇటు మాట అటు, అటు మాట ఇటు తిప్పింది. "మీ నాయనకు పక్క గదిలో ఫ్యాను గాలి సరిపోవడం లేదంట" అని ఆమె పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా అవతలి నుంచి చెబితే నేను వెళ్లి ఫ్యాను బాగు చేయించాను. అక్కకు కాన్పు అయి, ఇద్దరు పిల్లలతో ఆ ఇంట్లో రాత్రీ పగలూ కలిసిపోయాక, ఆ కాల్స్ కూడా తగ్గిపోయాయి.

ఆగస్టులో ఒక ఆదివారం మార్కాపురం ఇల్లు చూసి రావడానికి ఇద్దరం బయలుదేరాం. కారులో వెళ్దామంటే ఆయన ఒప్పుకోలేదు, రిటైరైన వాళ్లకిచ్చే పాస్ ఉండగా పెట్రోలు ఎందుకు తగలెయ్యాలని ఆయన వాదన. డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఒంగోలు దాటగానే నేను అంతకు ముందెన్నడూ చూడని మనిషి ఒకడు నా పక్కన కూర్చున్నాడని నాకు అర్థమైంది. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతారో, ఏ ఊళ్లో సంత రోజున కోళ్ల గంపలకు టికెట్ కొట్టమంటే ఎట్లా గొడవ పెట్టుకునేవారో, చిల్లర లేనప్పుడు టికెట్ వెనక బాకీ రాసిస్తే కొందరు దాన్ని మూడు నెలలు దాచుకుని మరీ తెచ్చి ఎట్లా అడిగేవారో, అన్నీ చెప్పాడు. రెండు కళ్లూ ముందు అద్దంలోంచి రోడ్డు మీదే పెట్టి చెప్పాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఆయనకు మాట రాదు. బస్సులో ఇద్దరం ఒకే వైపు చూస్తూ కూర్చోవడం వల్ల వచ్చిందనుకుంటాను.

చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనక బస్సు నత్తనడక నడుస్తుండగా, అదే ధోరణిలో, "బ్యాంకు పని మానేద్దామనుకుంటున్నావంట గదా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మ. పోబోయే ముందు చెప్పింది."

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పటి నుంచి కొన్ని నెలలపాటు బ్యాంకుల్లో పనిచేసిన వాళ్లం ఎట్లా బతికామో అందరూ చూసిందే. ఆ రోజుల్లో ఒక రాత్రి ఇంటికొచ్చి, ఇట్లాగైతే ఉద్యోగం చేసినట్టేనని అమ్మతో అన్నాను. అంతే అన్నాను. అదే చెప్పాను నాయనకు.

"అయినా ఇష్టపడి చేరిన పని గదరా" అన్నాడాయన. "చిన్నప్పటి నుంచి అదే కావాలన్నావు. అప్పుడేమో నీ కోసం డిపోలో పెద్ద వాళ్లందరినీ అడిగి, ఏ పరీక్షలు రాయాల్నో కనుక్కుని మీ అమ్మతో చెప్పినా."

"నేనెప్పుడు కావాలన్నాను? నీకు ఇష్టమని కదా నేను రాసింది."

ఆయన మొదటిసారి రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పి నన్ను చూశాడు. "నాకా? నాకు బ్యాంకు గురించి ఏం తెలుసు? నిన్ను ఇంజినీరింగు చదివిద్దామనుకున్నా. లెక్కలు రావని ఏడుస్తున్నాడా అని మీ అమ్మనడిగితే, లేదు లేదు, వాడికి చిన్నప్పటి నుంచి బ్యాంకు ఆఫీసరు కావాలని ఉంది, మీరు కాదంటారేమోనని భయపడుతున్నాడు అని చెప్పింది. అంత ఇష్టమున్నోణ్ణి నేనెట్లా కాదంటా?"

లారీ పక్కకు తప్పుకుంది, బస్సు వేగం అందుకుంది. ఇద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. పొదిలి బస్టాండులోకి బస్సు తిరుగుతుండగా, "మరి బ్యాంకు ఎవరడిగినట్టురా?" అన్నాడు నాయన. నేను ఆపుకోలేక నవ్వాను. ఆయనకు నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది కానీ, వచ్చాక ఆగలేదు. ముందు సీటు మీద తల ఆనించి, భుజాలు కదిలేలా నవ్వాడు. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు.

ఆ తరువాత మార్కాపురం చేరేదాకా పాత లెక్కలన్నీ తీశాం. నా పెళ్లిచూపులప్పుడు నేను అమ్మాయి నచ్చిందని అంటే, ఆయనకు అందిన కబురు "అంతా నాయన ఇష్టం అంటున్నాడు" అని. ఆయన వాళ్లది మంచి కుటుంబం, అడగడానికేముందని అంటే, నాకు అందినది "మీ నాయన నీకు మనసయితే చాలన్నాడు" అని. అక్క కాలేజీ చదువు, ఇంటి మీద గది వేయడం, నేను మొదటి జీతంతో తెచ్చిన చొక్కా ఆయనకు బిగుతుగా ఉన్న సంగతి, ఇట్లా ఒక్కోదాంట్లో ఒక్కో మార్పు. ఎక్కడా అమ్మ తనకు లాభం వచ్చేలా ఒక్క మాట కూడా మార్చలేదు. ప్రతి మాటలోనూ కరుకు తీసేసి, అవతలి మనిషిని కొంచెం పెద్దవాణ్ణి చేసి, ఇంత గౌరవం చేర్చి అందించింది. ఒక్క విషయం మాత్రం నేను ఆయనను అడగలేదు. గుంటూరు బస్టాండు సంగతి. అడిగితే ఆయన ఏమంటాడో తెలిసి కాదు. ఆయన కాదన్నా నేను నమ్మేది అమ్మ చెప్పిందే కాబట్టి, ఇక అడిగి ప్రయోజనం లేదు.

కుటుంబంలో అందరూ మనసు విప్పి మాట్లాడుకోవాలని ఈ రోజుల్లో ప్రతివారూ చెబుతున్నారు. కాదనను. కానీ 1994లో మా నాయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. నేను "నావల్ల కాదు" అనేవాణ్ణి, ఆయన "ఎందుకు కాదు" అనేవాడు, ఇద్దరిలో ఒకరు భోజనం మానేసేవాళ్లం. అప్పటికి మా ఇద్దరి దగ్గరా ఉన్న మాటలు అవే. మెత్తటి మాటలు అమ్మ ఒక్కదాని దగ్గరే ఉండేవి కాబట్టి, ఇద్దరికీ ఆమే అరువిచ్చింది.

ఆ ఏర్పాటుకు ఖరీదు ఎవరు కట్టారన్నది మాత్రం అమ్మ లేని ఆ నెలల్లోనే నాకు తట్టింది. ఇంట్లో అందరి మాటలూ మోసిన మనిషి సొంత మాట ఏది? అమ్మకు ఏం కావాలో ఆమె నోటి నుంచి నేను ఎప్పుడు విన్నాను? ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు. ఆమె మాటను నాయనకు చేర్చే మరో మనిషి ఆ ఇంట్లో లేడు. అక్టోబరులో ఒకరోజు ఫ్రిస్కో నుంచి ఫోను చేసినప్పుడు అడిగాను, అక్కడ ఎట్లా ఉందని. తనలాగే పురుళ్లకు వచ్చిన తెలుగు అమ్మలు సాయంత్రం పార్కులో చేరతారని, గుంటూరు ఆమె ఒకరు, వరంగల్లు ఆమె ఒకరు బాగా దగ్గరయ్యారని చెప్పింది. ఇంకా ఇట్లా అంది: "మీ అక్కా బావా ఏదున్నా మొహం మీదే అనుకుంటారురా. మొదట్లో భయమేసింది, ఇంత గట్టిగా అనుకుంటే ఎట్లా అని. గంటకల్లా కలిసి టీ తాగుతా ఉంటారు. నాకు ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ చెప్పే పని లేదు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేస్తా ఉంది."

ఆ మాట నేనే వెళ్లి నాయనకు చెప్పాను. ఏమీ చేర్చలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, చాలాసేపటికి, "అంత శ్రమ అని ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

అమ్మ తిరిగి వచ్చాక ఇద్దరూ మార్కాపురం వెళ్లిపోతారనుకున్నాం కానీ, నాయన ఒంగోలులోనే మా వీధిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వాళ్ల మధ్య ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు, ఎవరూ నాకు చేరవేయలేదు. నాయన నాకు ఇప్పుడు నేరుగా ఫోను చేస్తాడు. సంభాషణ అర నిమిషం దాటదు, ఇప్పటికీ విషయం, అంకె, అంతే. బస్సులో మాత్రం బాగా మాట్లాడతాడు కాబట్టి ఏదైనా పెద్ద సంగతి ఉంటే, అద్దంకికో కనిగిరికో ఏదో ఒక పని కల్పించుకుని ఇద్దరం పల్లెవెలుగు ఎక్కుతాం. మా ఆవిడకు ఇది పిచ్చిలాగా కనిపిస్తుంది. అమ్మకేమో, తండ్రీకొడుకులు తనకు తెలియకుండా ఏదో మాట్లాడుకుని వస్తున్నారని లోపల కొంచెం కష్టంగా ఉంటుంది. తిరిగి వచ్చిన రోజు మాకు కాఫీ ఇచ్చేటప్పుడు ఇద్దరి మొహాలూ చూస్తుంది.

మా వాడి పదో తరగతి 2023లో అయింది. అందరూ కోచింగుల గురించి మాట్లాడుకుంటున్న ఆ మే నెలలో, ఒకరోజు సాయంత్రం అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. మనవడు మధ్యాహ్నమంతా నాయనమ్మ దగ్గరే ఉన్నాడు. "వాడికి లా చదవాలని ఎన్నాళ్ల నుంచో ఉందంటరా. నువ్వు కాదంటావేమోనని భయపడుతున్నాడు" అంది.

నేను ఏదో అనబోతుంటే, పడక కుర్చీలో ఉన్న నాయన కళ్లజోడు తీసి అమ్మ వైపు తిరిగాడు. "అందులో వాడన్నది ఎంతో, నువ్వు కలిపింది ఎంతో ముందు అది చెప్పు."

అమ్మ కాస్త కూడా తడబడలేదు. "కలపకపోతే మీరిద్దరూ ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండేవాళ్లా?" అంది.

దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. నేను లేచి మావాడి గదిలోకి వెళ్లి, బస్సులో ఒంగోలు నుంచి మార్కాపురం దాకా నాతో వస్తాడేమో అడిగాను. కారు ఉండగా బస్సు ఎందుకు నాన్నా అన్నాడు వాడు.